ఎలక్ట్రిక్ బండిలో హెచ్చరిక లైటు వెలిగితే: పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

ఎలక్ట్రిక్ స్కూటర్లు, ఆటోలు, కార్లలో వచ్చే హెచ్చరికల గురించి విజయవాడ, గుంటూరు పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. దాదాపు అన్ని ఉత్తరాల్లోనూ ఒకే భయం కనిపించింది: లైటు వెలిగింది కాబట్టి బ్యాటరీ పోయిందేమో, లక్షలు వదులుతాయేమో అని. బండిలోని కంప్యూటర్ రాసుకునే ఫాల్ట్ కోడ్ చెప్పేది తేడా ఎక్కడ కనిపించిందన్నది మాత్రమే. ఏ భాగం చెడిందో కొలతలు తీసి తేల్చాలి. కింది జవాబులన్నిటికీ ఇదే ఆధారం.

ప్రశ్న: పది రోజులు ఊరెళ్లి వచ్చేసరికి మా ఎలక్ట్రిక్ కారు స్టార్ట్ కావడం లేదు. బ్రేకు, స్టీరింగు, ఏబీఎస్, మోటారు అంటూ అయిదారు హెచ్చరికలు ఒకేసారి వస్తున్నాయి. వెళ్లేముందు 70 శాతం ఛార్జింగ్ ఉంది. ఇన్ని ఒక్కసారే ఎలా పాడవుతాయి?
— ఓ పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: పాడై ఉండవు. ఒకదానితో ఒకటి సంబంధం లేని హెచ్చరికలు గుంపుగా వచ్చాయంటే మొదట చూడాల్సింది కారు అడుగున ఉన్న పెద్ద బ్యాటరీని కాదు, 12 వోల్టుల చిన్న బ్యాటరీని. పెద్ద ప్యాక్ చాలా కార్లలో 300 వోల్టుల పైమాటే అయినా, దాన్ని మోటారుకు కలిపే కాంటాక్టర్లు (పెద్ద స్విచ్‌లు) మూసుకోవాలంటే ఈ 12 వోల్టుల కరెంటే కావాలి. బ్రేకు, స్టీరింగు, ఏబీఎస్ కంట్రోల్ యూనిట్లు కూడా దీని మీదే నడుస్తాయి. వోల్టేజీ పడిపోతే అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేక, ఎవరికి వారు ‘అవతలి యూనిట్ పలకడం లేదు’ అని కోడ్ రాసేస్తాయి. కోడ్‌లు చదివే స్కానర్‌లో ‘యూ’ అక్షరంతో మొదలయ్యే కోడ్‌లు వరసగా కనిపించడం, వాటితోపాటు పీ0562 (సిస్టమ్ వోల్టేజీ తక్కువ) ఉండటం దీనికి గుర్తు.

బండి ఆపి కొన్ని గంటలైన తర్వాత మల్టీమీటర్‌తో చూడండి. మామూలు లెడ్ యాసిడ్ 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 నుంచి 12.7 చూపిస్తుంది. 12.4 అంటే ముప్పావు వంతు ఉన్నట్టు. 12.0 దగ్గరికి వచ్చిందంటే ఖాళీ అయినట్టే. కొన్ని కార్లలో ఈ చిన్న బ్యాటరీ కూడా లిథియందే ఉంటుంది, దానికి ఈ లెక్క వర్తించదు. మాన్యువల్‌లో చూసుకోండి.

మరో కారు నుంచి జంప్ ఇచ్చి మీ కారు లేపవచ్చు. ప్లస్‌కు ప్లస్ కలిపి, మైనస్ క్లిప్పును మాన్యువల్‌లో చూపిన బాడీ పాయింటుకు పెట్టాలి. మీ ఎలక్ట్రిక్ కారు నుంచి ఇంకొకరి పెట్రోలు కారుకు మాత్రం జంప్ ఇవ్వకండి. ఆ కారు స్టార్టర్ మోటారు ఒక్కసారిగా లాగే కరెంటును మీ కారులోని డీసీ-డీసీ కన్వర్టర్ (పెద్ద ప్యాక్ నుంచి 12 వోల్టుల కరెంటు ఇచ్చే పరికరం) తట్టుకునేలా చేసి ఉండదు.

‘రెడీ’ లైటు వెలిగాక అదే చిన్న బ్యాటరీ మీద మళ్లీ కొలవండి. 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే కన్వర్టర్ సరిగ్గా పనిచేస్తోందని అర్థం. అప్పుడు తప్పు బ్యాటరీ వయసుదో, బండి ఆపినా కరెంటు లాగే డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్ లాంటి అదనపు సామానుదో అయి ఉంటుంది. రెడీలో కూడా 12.5 దాటడం లేదంటే చిన్న బ్యాటరీ మార్చినా ప్రయోజనం ఉండదు. కొత్తది కూడా నాలుగు రోజుల్లో పడుకుంటుంది. కన్వర్టర్‌నూ దాని ఫ్యూజునూ చూపించాలి. వోల్టేజీ సరయ్యాక చాలా హెచ్చరికలు కాసేపు బండి నడిపేసరికి వాటంతటవే పోతాయి. ఆ తర్వాతా మిగిలిన కోడ్ ఉంటే దాన్నే అసలు ఫిర్యాదుగా తీసుకోండి.

ప్రశ్న: అపార్టుమెంటు సెల్లారులో స్కూటర్‌కు ఛార్జింగ్ పెడితే పది నిమిషాల్లో ‘ఎర్త్ ఫాల్ట్’ అని ఆగిపోతోంది. ఆఫీసులో అదే ఛార్జర్‌తో నిక్షేపంగా ఎక్కుతుంది. సర్వీస్ సెంటర్ వాళ్లు మీ ఇంటి కరెంటు సరిగా లేదంటున్నారు. ఎలక్ట్రీషియనేమో సాకెట్ బాగానే ఉందంటున్నాడు. ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేస్తే పోతుందనీ చెప్పాడు. కలిపించమంటారా?
— ఓ పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: దయచేసి ఎట్టి పరిస్థితుల్లోనూ కలిపించవద్దు. అలా కలిపితే హెచ్చరిక పోయేమాట నిజమే, ప్రమాదం మాత్రం మొదలవుతుంది. ఎప్పుడైనా న్యూట్రల్ వైరు తెగినా, లూజైనా, 230 వోల్టుల ఫేజ్ కరెంటు ఛార్జర్ గుండా తిరిగి ఎర్త్ వైరులోకి, అక్కడినుంచి స్కూటర్ ఇనుప భాగాలకు చేరుతుంది. తడి సెల్లారులో చెప్పుల్లేకుండా నిలబడి బండి ముట్టుకున్నవారి ప్రాణం మీదికి వస్తుంది. ఈ సలహా ఇచ్చిన ఎలక్ట్రీషియన్‌తో ఆ పని ముట్టించకండి.

మీరు చెప్పిన దాన్నిబట్టి ఛార్జర్ మంచిదే, ఆఫీసులో పనిచేస్తోంది కదా. కాబట్టి సాకెట్ దగ్గర మూడు కొలతలు తీయించండి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 230 అటూఇటూగా ఉండాలి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఈ మూడో కొలత ఛార్జింగ్ నడుస్తున్నప్పుడు తీయాలి. ఎలక్ట్రీషియన్‌కు ‘బాగానే’ కనిపించడానికి కారణం బహుశా ఇదే: లోడు లేనప్పుడు చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. లోడు పడ్డాక న్యూట్రల్-ఎర్త్ మధ్య పది, పదిహేను వోల్టులు కనిపిస్తే ఎక్కడో న్యూట్రల్ జాయింటు లూజుగా ఉన్నట్టు, లేదా ఆ లైను మీద భారం ఎక్కువైనట్టు. ఫేజ్-ఎర్త్ మధ్య నూటయాభయ్యో అరవయ్యో, నిలకడ లేకుండా ఊగుతూ ఉంటే ఎర్త్ వైరు మధ్యలో తెగి ఉంది.

ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూసే పాత పద్ధతి వద్దు. ఎర్త్ తెగి ఉంటే ఆ బల్బు గుండా వచ్చిన కరెంటుకు భూమిలోకి దారి ఉండదు. అదే ఎర్త్ వైరుకు కలిసి ఉన్న ఫ్రిజ్, గీజర్, మోటారు బాడీలన్నిటికీ ఎక్కుతుంది. ఎర్త్ దారి నిరోధం కొలిచే ఎర్త్ లూప్ టెస్టర్ ఉన్న మనిషిని పిలిపించండి.

అపార్టుమెంట్లలో తరచూ దొరికే లోపాలు మూడు. సెల్లారు సాకెట్‌కు ఎర్త్ వైరు అసలు లాగకపోవడం. ఎర్త్ గుంత కట్టినప్పుడు వేసిన ఉప్పు కరిగిపోయి, వేసవిలో మట్టి ఎండి నిరోధం పెరిగిపోవడం, అయిదు ఓముల లోపు ఉండాల్సింది పదుల్లోకి పోవడం. ఇక మూడోది, సాకెట్లో ఫేజ్, న్యూట్రల్ తారుమారు కావడం. సాకెట్‌కు ఎదురుగా నిలబడితే పైన ఎర్త్, కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్ ఉండాలి. ఇది తిరగబడినా కొన్ని ఛార్జర్లు ఎర్త్ ఫాల్ట్ అనే చూపిస్తాయి.

బాగు చేయించేటప్పుడే ఛార్జింగ్ పాయింటుకు మీటర్ బోర్డు నుంచి విడిగా లైను లాగించుకోండి. 16 ఆంపియర్ల సాకెట్, దూరం ఎక్కువైతే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, విడిగా ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీని పసిగట్టి కరెంటు ఆపే స్విచ్). ఆర్‌సీసీబీ ‘ఏ’ టైపుది అడగండి, మామూలు ‘ఏసీ’ టైపు ఈ ఛార్జర్ల లీకేజీని సరిగా పట్టుకోలేకపోవచ్చు. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడకండి. గంట ఛార్జింగ్ అయ్యాక ప్లగ్ తీసి పిన్నులు ముట్టుకుంటే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, సాకెట్ ప్లాస్టిక్ గోధుమరంగుకు మారినా ఆ సాకెట్ తీసేయాల్సిందే. న్యూట్రల్ లోపం మీ మీటర్‌కు ముందే, అంటే స్తంభం వైపు ఉందని తేలితే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అది ఏపీసీపీడీసీఎల్ బాధ్యత.

ప్రశ్న: రాత్రి ఫుల్ ఛార్జ్ చేసి పొద్దున్నే బయల్దేరితే ‘రీజెన్ పరిమితం’ అని పసుపు సందేశం వస్తోంది. నాలుగైదు కిలోమీటర్లు పోయాక మాయమవుతోంది. చూపించాలా?
— ఓ పాఠకుడు, మంగళగిరి రోడ్డు, గుంటూరు

జవాబు: అక్కర్లేదు. రీజెన్ అంటే బండి నెమ్మదించేటప్పుడు మోటారు కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపడం. నిండిన బ్యాటరీలోకి బ్రేకింగ్ కరెంటు పంపే చోటు లేదని చెబుతోంది. ఆ కాసేపు యాక్సిలరేటర్ వదిలితే బండి అలవాటైనంతగా నెమ్మదించదు, బ్రేకు మీద కాలు సిద్ధంగా పెట్టుకోండి. సగం ఛార్జింగ్ ఉన్నప్పుడు కూడా అదే సందేశం వస్తే అప్పుడు చూపించండి.

ప్రశ్న: మిర్చి యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీలకు ఎలక్ట్రిక్ ఆటోలో టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలుతాను. మధ్యాహ్నం రెండో ట్రిప్పులో తాబేలు బొమ్మ వచ్చి బండి పాకుతోంది. ఆపి అరగంట ఉంచితే మామూలవుతుంది. బ్యాటరీ మార్చాలంటున్నారు.
— ఓ ఆటో డ్రైవర్, గుంటూరు

జవాబు: అరగంట చల్లారితే సర్దుకుంటోందంటే అది వేడి సమస్య, బ్యాటరీ చావు కాదు. తాబేలు బొమ్మ అంటే కంట్రోలర్ తానే పవర్ తగ్గించిందని అర్థం. ఛార్జింగ్ బాగా అడుగంటినప్పుడూ, బ్యాటరీ, మోటారు, కంట్రోలర్‌లలో ఏదో ఒకటి వేడెక్కినప్పుడూ ఇది వస్తుంది. మీ విషయంలో ఏది వేడెక్కుతోందో తేల్చకుండా బ్యాటరీ మార్చడం డబ్బు దండగ.

ముందు బరువు చూడండి. మీ ఆర్‌సీలో ఖాళీ బండి బరువు, మొత్తం బరువు రెండూ రాసి ఉంటాయి. వాటి తేడాలో మీ బరువు కూడా తీసేస్తే మిగిలిందే సరుకు. అది 500 కిలోలనుకుంటే, టిక్కీ 40 నుంచి 45 కిలోల లెక్కన 11 లేదా 12 టిక్కీలు. పదహారు, పద్దెనిమిది ఎక్కిస్తే మోటారు లాగే కరెంటు పెరుగుతుంది. వైండింగులో పుట్టే వేడి కరెంటు వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది, అంటే కరెంటు ఒకటిన్నర రెట్లయితే వేడి రెండుంపావు రెట్లవుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పరిస్థితి మరీ కష్టం.

బరువు సరిగ్గానే ఉంటే టైర్లలో గాలి, బ్రేకు పట్టి ఉండటం చూడండి. జాకీ మీద ఎత్తి చక్రాన్ని చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి. తర్వాత కంట్రోలర్ వేడిని బయటికి పంపే హీట్‌సింక్. రెక్కల మధ్య మట్టి, మిర్చి దుమ్ము పేరుకుంటే గాలి తగలదు. కంప్రెసర్ గాలితో ఊదించండి, ప్రెషర్ వాటర్ కొట్టించకండి. ఫ్యాన్ ఉంటే తిరుగుతోందో లేదో చూడండి. మోటారుకు వెళ్లే మూడు లావు వైర్ల బోల్టుల్లో ఒకటి లూజైనా అక్కడే వేడి పుడుతుంది, ఇన్సులేషన్ నల్లబడి ఉంటుంది. బండి తాబేలైన వెంటనే బ్యాటరీ, మోటారు, కంట్రోలర్ మూడు చోట్లా ఉష్ణోగ్రత కొలవాలి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉన్న మెకానిక్‌కు అయిదు నిమిషాల పని.

ఇంకో సంగతి. చాలా లిథియం సెల్స్‌కు వాడకంలో 60 డిగ్రీలు, ఛార్జింగ్‌లో 45 డిగ్రీలు గరిష్ఠ పరిమితి. మే నెల ఎండలో ట్రిప్పు దింపగానే వేడి వేడిగా ఛార్జింగ్ పెడితే ‘హై టెంపరేచర్’ అని ఎక్కకపోవడం సహజం. నీడన అరగంట, ముప్పావుగంట ఆగి పెట్టండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మా వీధిలో బళ్లన్నీ మునిగాయి. ఇప్పుడు ఎలక్ట్రిక్ కారు కొన్నాం. వాన పడినప్పుడల్లా ‘ఇన్సులేషన్ లోపం’ అని వచ్చి ఎండ కాయగానే పోతోంది. మళ్లీ నీళ్లొస్తే ఏం చేయాలి?
— ఓ పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: కారులో పెద్ద బ్యాటరీ ప్లస్, మైనస్ రెండూ బాడీకి తగలకుండా విడిగా ఉంటాయి. ఆ విడి ఎంత గట్టిగా ఉందో కారే పదేపదే కొలుచుకుంటుంది. డీసీ, ఏసీ కలిసిన సర్క్యూట్లకు వోల్టుకు కనీసం 500 ఓముల చొప్పున నిరోధం ఉండాలన్నది ప్రమాణం. 350 వోల్టుల ప్యాక్ అయితే 1,75,000 ఓములు. ఆరోగ్యంగా ఉన్న కారులో ఇది దానికన్నా చాలా ఎక్కువే ఉంటుంది. ప్రమాణం కన్నా తగ్గినప్పుడు వచ్చే కోడ్ పీ0ఏఏ6. దీన్ని చూసి ప్యాక్ మార్చమనేవాళ్లున్నారు. నిజానికి ఆ తేమ ఏసీ కంప్రెసర్‌లో, క్యాబిన్ హీటర్‌లో, ఛార్జింగ్ సాకెట్‌లో, ఏదో ఒక ఆరెంజ్ (హై వోల్టేజీ) కేబుల్ కనెక్టర్‌లో కూడా ఉండొచ్చు. ఒక్కో భాగాన్నీ విడదీస్తూ మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటర్) కొలిస్తే ఏది విప్పినప్పుడు నిరోధం పెరిగిందో అక్కడే లోపం. ఎండకు పోతోందంటే కనెక్టర్ సీలు మీద మా అనుమానం. పోయింది కదా అని వదిలేయకండి, లోపల పచ్చగా తుప్పు పడితే తర్వాత కేబులే మార్చాల్సి వస్తుంది. వాన పడి లైటు ఉన్న రోజే తీసుకెళ్లండి.

వరద సంగతి వేరు. ఐపీ67 అంటే మీటరు లోతులో అరగంట పాటు తట్టుకుంటుందని పరీక్షించారని మాత్రమే. రోజుల తరబడి బురదనీళ్లలో ఉండటానికి అది హామీ కాదు. మునిగిన బండిని ఆన్ చేయకండి, ఛార్జింగ్ పెట్టకండి. నీళ్లు తీశాక కూడా ఇంటికీ ఇతర బళ్లకూ దూరంగా ఆరుబయట ఉంచి, టోయింగ్ బండి మీద సర్వీస్‌కు పంపండి. లోపల మిగిలిన తేమ వల్ల రోజుల తర్వాత మంట పుట్టిన సందర్భాలున్నాయి. స్కూటర్ ప్యాకులు ఎక్కువగా 60 వోల్టుల లోపే కాబట్టి వాటిలో చాలావాటికి ఈ ఇన్సులేషన్ హెచ్చరికే ఉండదు. లైటు రాలేదు కాబట్టి బాగుందనుకోకూడదు.

ప్రశ్న: స్కూటర్ 22 శాతం చూపిస్తూ ఒక్కసారిగా 6కు పడిపోయింది, ‘బ్యాటరీ లో’ అని ఆగింది. రెండుసార్లు జరిగింది.
— ఓ పాఠకురాలు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: మీ బ్యాటరీ ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమైతే ముందు లెక్క తప్పిందేమో చూడాలి. ఎల్ఎఫ్‌పీ సెల్‌లో 20 నుంచి 80 శాతం దాకా వోల్టేజీ 0.1 వోల్టు అటూఇటూ మాత్రమే మారుతుంది. వోల్టేజీ చూసి శాతం చెప్పడం కుదరదు కాబట్టి బీఎంఎస్ (బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్) లోపలికి వచ్చిన కరెంటు, బయటికి పోయిన కరెంటు కూడుతూ తీసివేస్తూ పోతుంది. రోజూ 40 నుంచి 80 మధ్యే వాడితే ఆ కూడికల్లో చిన్న తప్పులు పోగవుతాయి. 100 దాకా ఎక్కించి, చూపించాక కూడా గంటో రెండు గంటలో ప్లగ్‌లోనే ఉంచండి. అప్పుడే లెక్క సరిదిద్దుకుంటుంది, సెల్స్ సమం అయ్యేదీ అప్పుడే. వారానికోసారి చొప్పున రెండు మూడు వారాలు చేశాక కూడా అదే జరిగితే సర్వీస్‌లో సెల్ వోల్టేజీలు చూపించమనండి. సగం ఛార్జింగ్‌లో, బండి నిలిపి ఉన్నప్పుడు అతి ఎక్కువ, అతి తక్కువ సెల్స్ మధ్య తేడా 20, 30 మిల్లీవోల్టుల్లో ఉండాలి. 100 దాటితే ఒక సెల్ గ్రూపు బలహీనపడింది. మిగతావి ఎంత బాగున్నా ఆ ఒక్కటి అడుగుకు చేరగానే బీఎంఎస్ మొత్తాన్నీ ఆపేస్తుంది.

ప్రశ్న: ఏ హెచ్చరిక వస్తే బండి వదిలేసి పరుగెత్తాలి?
— ఓ విద్యార్థి, గుంటూరు

జవాబు: ఎర్రరంగులో బ్యాటరీ వేడి హెచ్చరిక, దాంతోపాటు ఆగని బీప్ వస్తే. ఏఐఎస్-156 బ్యాటరీ భద్రతా నిబంధనలకు 2022లో చేసిన మూడో సవరణ స్కూటర్లు, ఆటోల బ్యాటరీలకు ఇలాంటి శబ్దం, వెలుతురు హెచ్చరికను తప్పనిసరి చేసింది. ఆ సవరణ 2022 డిసెంబరు 1, 2023 మార్చి 31 తేదీల నుంచి రెండు దశల్లో అమల్లోకి వచ్చింది. అంతకుముందు కొన్న బండిలో ఈ ఏర్పాటు లేకపోవచ్చు. అందుకే మీ ముక్కు, చెవులు కూడా వాడండి: బుస్సుమనే చప్పుడు, నెయిల్ పాలిష్ లాంటి తియ్యని ఘాటు వాసన, తెల్లటి పొగ, ఉబ్బిన ప్యాక్. సురక్షితంగా అందితే ఎంసీబీ ఆపండి, లేకపోతే అదీ వద్దు. అందరినీ బయటికి పంపి 101కు ఫోన్ చేసి, లిథియం బ్యాటరీ అని చెప్పండి. ఆ పొగ పీల్చకూడదు. మంట ఆరినట్టు కనిపించినా మళ్లీ అంటుకోవచ్చు.

విడదీసే బ్యాటరీని పడకగదిలోనో, గుమ్మం దగ్గరో ఛార్జింగ్ పెట్టకండి. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనే పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వ్యక్తి ప్రాణాలు కోల్పోయారు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో చవకగా దొరికే బ్లూటూత్ ఓబీడీ పరికరంతో (బండికి తగిలించే చిన్న స్కానర్) కోడ్‌లు చదివి తుడిచేయవచ్చా? మా బావగారు ఆటోనగర్‌లో మెకానిక్, ఆయన విప్పి చూస్తానంటున్నారు.
— ఓ పాఠకుడు, గొల్లపూడి

జవాబు: చదవండి, ఫొటో తీసుకోండి, తుడవకండి. కోడ్‌తోపాటు ఆ క్షణంలో వేగం, వోల్టేజీ, ఉష్ణోగ్రత ఎంతున్నాయో కూడా యూనిట్ దాచుకుంటుంది. తుడిస్తే అవీ పోతాయి. అప్పుడప్పుడు వచ్చిపోయే లోపాన్ని పట్టుకోవడానికి ఉండే ఆధారం అదొక్కటే. కోడ్ మొదటి అక్షరం పీ అయితే మోటారు, బ్యాటరీ వ్యవస్థ. సీ అంటే బ్రేకు, సస్పెన్షన్. బీ అంటే బాడీ. యూ అంటే యూనిట్ల మధ్య సమాచారం. అక్షరం తర్వాతి మొదటి అంకె 0 అయితే అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం, 1 అయితే ఆ కంపెనీ సొంతం. పీ1తో మొదలయ్యే కోడ్‌కు ఇంటర్నెట్‌లో దొరికిన అర్థం మీ బండిది కాకపోవచ్చు. సెల్ వోల్టేజీల వంటివి మామూలు యాప్‌లలో చాలావరకు కనిపించవు.

మీ బావగారు టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్, 12 వోల్టుల బ్యాటరీ నిశ్చింతగా చూడొచ్చు. ఆరెంజ్ రంగు కేబుల్ ఉన్నచోట మాత్రం చెయ్యి పెట్టకూడదు. తాళంచెవి తీసినా, మోటారుకు కరెంటు మార్చి ఇచ్చే ఇన్వర్టర్ కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. పెద్ద బ్యాటరీ సర్క్యూట్‌ను తెంచే సర్వీస్ ప్లగ్ తీసి, కంపెనీ చెప్పిన నిమిషాలు ఆగి, మీటర్‌తో సున్నా అని తేల్చుకుని, వెయ్యి వోల్టుల రబ్బరు గ్లవ్స్‌తో చేసే పని అది. అందులో శిక్షణ పొంది ఉంటే అభ్యంతరం లేదు.

ప్రశ్న: వారంటీలోనే ఉంది. మూడుసార్లు సర్వీస్‌కు ఇచ్చాం. ప్రతిసారీ ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం’ అని ఇచ్చేస్తున్నారు, వారంలో మళ్లీ లైటు. వాళ్లను ఏమని అడగాలి?
— ఓ పాఠకురాలు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: బండి అప్పగించేటప్పుడే జాబ్ కార్డు మీద మీ ఫిర్యాదును మీ మాటల్లో రాయించండి: ఏ లైటు, ఏ రంగు, ఎంత శాతం ఛార్జింగ్‌లో, ఎండలోనా వానలోనా, నడుస్తుండగానా ఛార్జింగ్‌లోనా. ‘జనరల్ చెకప్’ అని రాస్తే ఒప్పుకోకండి. లైటు వెలిగిన ఫొటో ఓడోమీటర్ కూడా కనిపించేలా తీసి ఉంచండి.

తీసుకునేటప్పుడు నాలుగు విషయాలు కాగితం మీద అడగండి. తుడిచే ముందు ఉన్న కోడ్‌ల జాబితా. ఏ కొలత తీశారు, ఎంత వచ్చింది: సెల్ వోల్టేజీల తేడా, ఇన్సులేషన్ నిరోధం, బ్యాటరీ ఆరోగ్య శాతం, మీ లోపానికి ఏది సంబంధిస్తే అది. ఏ భాగం మార్చారు, మార్చకపోతే ఎందుకు. అప్‌డేట్ చేస్తే పాత వెర్షన్, కొత్త వెర్షన్ నంబర్లు. నిజంగానే అప్‌డేట్‌తో పోయే లోపాలు ఉన్నాయి, సెన్సర్ రీడింగును తప్పుగా అర్థం చేసుకున్న సాఫ్ట్‌వేర్ వాటిలో ఒకటి. కానీ అదే కోడ్ అప్‌డేట్ తర్వాత తిరిగి వచ్చిందంటే వైరింగులోనో, కనెక్టర్‌లోనో, భాగంలోనో లోపం ఉందన్నమాటే.

ఒకే కోడ్ మూడు జాబ్ కార్డుల మీద ఉంటే కంపెనీ కస్టమర్ కేర్‌కు ఆ కాపీలతో ఈమెయిల్ పెట్టండి, ఫోన్ మాటలతో సరిపెట్టుకోకండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఫిర్యాదును ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు. మీ చేతిలో ఇప్పుడున్న మూడు జాబ్ కార్డుల మీద కోడ్ లేకపోతే, సర్వీస్ సెంటర్ కంప్యూటర్‌లో పాత స్కాన్ రిపోర్టులు ఉన్నాయేమో అడిగి, ప్రింటు తీసి సంతకం పెట్టి ఇవ్వమనండి.